లారీ పీల్చే గాలికి లెక్క

‘బండి లాగట్లేదు’ అని డ్రైవర్ చెబితే ఒకప్పుడు మేస్త్రి చెయ్యి ముందు డీజిల్ ఫిల్టర్ మీదికి, ఆ తర్వాత పంపు మీదికి పోయేది. ఇప్పుడు క్యాబిన్ ఎక్కి స్కానర్ పెడుతున్నాడు. తెర మీద బూస్ట్ ప్రెషర్ సెన్సార్ పేరు కనిపిస్తుంది. ఓనరు కొత్త సెన్సారు తెప్పిస్తాడు, లైటు ఆరుతుంది, కొన్నాళ్లకు మళ్లీ అదే లైటు, అదే ఫిర్యాదు. పాత సెన్సారు అప్పటికే చెత్తలో పడి ఉంటుంది కాబట్టి అది నిజంగా చెడిపోయిందా లేదా అని తేల్చే దారి కూడా ఉండదు.

ములకలపల్లి లాంటి చోట ఇది చిన్న గొడవ కాదు. పాల్వంచ నుంచి దమ్మపేట వైపు పోయే ఈ దారీ, దాని చుట్టుపక్కల దారులూ బరువు బళ్లవి. సారపాక ఐటీసీ మిల్లుకు జామాయిలు, సుబాబుల్ కర్ర. అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకు పామాయిల్ గెలలు. పాల్వంచ కేటీపీఎస్ థర్మల్ కేంద్రం నుంచి బూడిద. సత్తుపల్లి బొగ్గయితే భద్రాచలం రోడ్–సత్తుపల్లి రైలు మార్గం 2022లో మొదలయ్యేదాకా కొత్తగూడెం వైపు లారీల మీదే వచ్చేది. సీతారామ ఎత్తిపోతల పథకం పంపుహౌసుల్లో పూసుగూడెం, కమలాపురం ఈ మండలంలోనివే. ఆ కాలువల మట్టి మోసినవీ టిప్పర్లే. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. దానికి దుమ్ము, పైలోడు, మిల్లు గేటు ముందు గంటల తరబడి లైను తోడవుతాయి. గాలి వేడినీ ఒత్తిడినీ కొలిచే సెన్సార్లకు ఇంతకంటే గట్టి పరీక్ష ఇంకెక్కడో వెతకనక్కర్లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఫిర్యాదుల్లో చాలావాటికి సెన్సారు కారణం కాదు. అది ఉన్నదున్నట్టు చెబుతోంది. మనం దాని మాట వినకుండా దాన్నే మారుస్తున్నాం. అలాగని సెన్సారు ఎప్పుడూ నిజమే చెబుతుందనీ కాదు. అది ఏం కొలుస్తుంది, ఏం కొలవలేదు, ఎక్కడ బోల్తా పడుతుంది అన్నది తెలిస్తేనే ఈ రెంటినీ విడదీయగలం.

ముందు అసలు అవసరం ఏమిటో చూద్దాం. పెట్రోలు ఇంజన్లో యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది గాలి దారి. డీజిల్ ఇంజన్లో గాలికి అలాంటి కాపలా ఉండదు, రాగలిగినంత వస్తుంది. పెడల్ అడిగేది డీజిల్‌ని. కాబట్టి డీజిల్ ఇంజన్ ముందున్న ప్రశ్న ఒకటే: ఇప్పుడు సిలిండర్లో ఉన్న గాలికి ఎంత డీజిల్ పోయవచ్చు? ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే లెక్క ప్రకారం దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. కానీ సిలిండర్లో చుక్క చుక్కకూ గాలి సరిగ్గా అందదు. అందుకని ఆచరణలో 18, 20 కిలోల దాకా ఉంచుకోవాలి. అంతకంటే తగ్గితే వెనక గొట్టంలో నల్లపొగ.

చిక్కేమిటంటే గాలిని తూచే కాటా ఇంజన్లో లేదు. అందుకే ఒత్తిడి, వేడి కొలిచి, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూసి, సిలిండర్ల పరిమాణం కలిపి, బరువును లెక్క కడతారు. దీన్నే స్పీడ్-డెన్సిటీ పద్ధతి అంటారు. ఒత్తిడి పెరిగితే గాలి చిక్కబడుతుంది, వేడెక్కితే పలచబడుతుంది. మామూలు గాలి 100 కిలోపాస్కల్ ఒత్తిడి దగ్గర, సంక్రాంతి తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే ఘనమీటరుకు 1.21 కిలోలు తూగుతుంది. అదే గాలి మే మధ్యాహ్నం 45 డిగ్రీల దగ్గర 1.10 కిలోలే.

టర్బో వచ్చాక ఈ తేడా ఇంకాస్త చిత్రంగా మారుతుంది. 45 డిగ్రీల గాలిని టర్బో రెండున్నర రెట్ల ఒత్తిడికి నొక్కిందనుకుందాం. దాని సామర్థ్యం 70 శాతం అనుకుంటే గాలి 180 డిగ్రీలకు వేడెక్కి బయటికొస్తుంది. ఇంటర్‌కూలర్ ఆ పెరిగిన వేడిలో 80 శాతం తీసేస్తే, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌కు చేరేసరికి 72 డిగ్రీలు. అదే జనవరి ఉదయం అయితే 40 డిగ్రీలు. రెండు పూటలా ఒత్తిడి 250 కిలోపాస్కలే, కానీ గాలి బరువులో పది శాతం తేడా. టాటా లారీల్లో పేరుపడ్డ 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజన్‌నే తీసుకుంటే, సిలిండర్లు నిండుగా నిండితే రెండు చుట్లకు మే నెలలో 14.9 గ్రాముల గాలి, జనవరిలో 16.4 గ్రాములు. నిమిషానికి 2000 చుట్ల దగ్గర ఈ తేడా కిలోన్నర గాలి. దానికి సరిపడే డీజిల్ దాదాపు 80 గ్రాములు. ఆ 80 గ్రాములు మే నెలలో కూడా పోస్తే మండేది కొంతే, మిగతాది మసి. ఒత్తిడి ఒక్కటే కొలిస్తే చాలదా అనే వాళ్లకు ఇదే జవాబు.

పాత పంపులు సరిగ్గా ఆ ఒక్కటే కొలిచేవి. గాలి ఒత్తిడికి లోహపు డొల్ల ముడుచుకోవడం, ఉబ్బడం మీద పనిచేసే అనెరాయిడ్ బారోమీటర్‌ను ఫ్రాన్స్‌లో లూసియన్ విడీ 1844లో తెచ్చాడు. ఎగ్జాస్ట్ గాలితో టర్బో తిప్పే ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. ఈ రెండు ఆలోచనలూ డీజిల్ పంపు తల మీద కలిశాయి. 1951లో మొదలైన బెంగళూరు మైకో కంపెనీ పేరుతో మన మేస్త్రీలంతా ‘మైకో పంపు’ అని పిలిచే ఇన్‌లైన్ పంపుల్లో, టర్బో బళ్లకు వెనక ఒక గుండ్రటి డబ్బా ఉండేది. లోపల రబ్బరు డయాఫ్రం, దాని కింద స్ప్రింగు. మానిఫోల్డ్ నుంచి ఒక సన్నగొట్టం దానికి వచ్చేది. బూస్ట్ పెరిగితే డయాఫ్రం స్ప్రింగును నొక్కి, డీజిల్ రాక్ ఇంకొంచెం జరగడానికి అనుమతి ఇచ్చేది. సెన్సారు, లెక్క, ఆజ్ఞ మూడూ ఒకే డబ్బాలో, కరెంటు లేకుండా జరిగిపోయేవి. నాకు ఆ డబ్బా అంటే ఇప్పటికీ గౌరవమే.

కానీ దానికి వేడి సంగతి తెలియదు. 20 పౌండ్ల బూస్ట్ వస్తే మే నెలకూ జనవరికీ ఒకే డీజిల్ ఇచ్చేది. పైగా దాని స్క్రూ అందరి చేతికీ అందేది. లోడు లాగడం లేదంటే స్క్రూ తిప్పి డీజిల్ పెంచడం, తర్వాత నల్లపొగ వదులుతూ గుట్ట ఎక్కడం మన రోడ్ల మీద అందరం చూసిందే. ‘పాత బండే నయం, సెన్సార్ల గోల లేదు’ అనే మాటలో సగం నిజం ఉంది. బాగుచేసుకోవడం సులువన్నంత వరకు అది నిజం. డీజిల్ పొదుపన్నా, ఇంజన్ వేడన్నా ఆ మాట నిలవదు.

కరెంటుతో కొలవడం ముందు పెట్రోలు కార్లకు వచ్చింది. మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచి పెట్రోలు చిమ్మే బాష్ డి-జెట్రానిక్ 1967లో ఫోక్స్‌వాగన్ కార్లలో కనిపించింది. కంప్యూటర్ లెక్క ప్రకారం డీజిల్ చిమ్మే కామన్ రైల్ పద్ధతి లారీకి వచ్చింది 1995లో, జపాన్‌లో డెన్సో కంపెనీ హినో లారీలకు తెచ్చిన ఏర్పాటుతో. మన దగ్గర దీన్ని తప్పనిసరి చేసింది పొగ నియమాలే. బీఎస్-4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. బీఎస్-4 దాకా అశోక్ లేలాండ్ తన బళ్లలో చాలావాటికి ఐఈజీఆర్ అనే పద్ధతితో ఇన్‌లైన్ పంపునే నిలబెట్టుకొచ్చింది. బీఎస్-6 దగ్గర ఆ వెసులుబాటు అయిపోయింది. అందుకే ఒకే షెడ్డులో పదేళ్ల తేడా ఉన్న రెండు బళ్లు నిలబడితే, ఒకదానికి స్పానర్, ఇంకోదానికి స్కానర్ కావలసి వస్తోంది.

ఇప్పటి సెన్సారు లోపల ఏముంది? వేలి గోరులో ఇమిడే సిలికాన్ ముక్క. దాని మధ్యభాగాన్ని డోలు మీద బిగించిన తోలులా పలచగా చెక్కి ఉంచుతారు. ఒకవైపు గాలి తీసేసిన మూసిన గది, రెండో వైపు మానిఫోల్డ్ గాలి. ఒత్తిడికి ఆ పొర వంగుతుంది. వంగినప్పుడు సిలికాన్ కరెంటును అడ్డుకునే తీరు మారుతుంది. బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ 1954లో ప్రకటించిన ఈ గుణమే మొత్తం సంగతికి మూలం. పొర మీద నాలుగు రెసిస్టర్లను వీట్‌స్టోన్ బ్రిడ్జిగా కలుపుతారు. వంగినకొద్దీ వచ్చే అతి చిన్న వోల్టేజీ తేడాను పక్కనున్న సర్క్యూట్ పెంచి, ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూకి అర్థమయ్యే వోల్టులుగా పంపుతుంది.

ఆ మూసిన గదిలో గాలి లేదు కాబట్టి ఈ సెన్సారు శూన్యం నుంచి లెక్కిస్తుంది. టైర్ల షాపు గేజీ అలా కాదు, బయటి గాలి కంటే ఎంత ఎక్కువో చెబుతుంది. ఈ ఒక్క తేడా తెలియక ఎంత వాదన జరుగుతుందో! గేజీ పెట్టి 20 పౌండ్ల బూస్ట్ చూసిన మేస్త్రికి స్కానర్‌లో 238 కిలోపాస్కల్ కనిపిస్తుంది. 20 పౌండ్లంటే 138 కిలోపాస్కల్. దానికి బయటి గాలి 100 కలిపితే 238. రెండూ ఒకటే మాట. అలాగే పెట్రోలు కార్ల షెడ్డులో పని నేర్చుకున్న వాళ్లు ఐడ్లింగ్‌లో 30, 40 కిలోపాస్కల్ చూడటానికి అలవాటు పడతారు. డీజిల్ లారీలో ఐడ్లింగ్ దగ్గర కూడా 100 చుట్టుపక్కలే ఉంటుంది, ఇన్‌టేక్ త్రాటిల్ ఉన్న కొత్త బళ్లలో కొంచెం తగ్గవచ్చు. అది లోపం కాదు.

సెన్సారుకు ఈసీయూ ఇచ్చేది 5 వోల్టులు. 50 నుంచి 400 కిలోపాస్కల్ కొలిచే ఒక సెన్సారు, తక్కువ కొసన 0.5 వోల్టు, ఎక్కువ కొసన 4.5 వోల్టులు ఇస్తుందనుకుందాం. అంటే ఒక్కో వోల్టుకు 87.5 కిలోపాస్కల్. ఇప్పుడు ఎర్త్ వైరు పిన్నుకు చిలుం పట్టి అక్కడ 0.2 వోల్టు నష్టమైతే? లెక్క 17 కిలోపాస్కల్ దాకా ఎక్కువగా చూపిస్తుంది. సెన్సారు బంగారంలా ఉన్నా ఈసీయూకి తప్పు కబురు అందుతుంది. లేని గాలి ఉందనుకుని డీజిల్ పోస్తుంది, పొగ వస్తుంది. ఇంకో సంగతి: ఆ 5 వోల్టుల వైరు చాలా బళ్లలో రెండు మూడు సెన్సార్లకు ఉమ్మడి. ఒకచోట ఎలుక కొరికి వైరు బాడీకి తగిలితే సంబంధం లేని సెన్సార్లన్నీ ఒకేసారి కోడ్‌లు ఇస్తాయి. ఒక్కసారిగా మూడు సెన్సార్లు చెడిపోయాయని స్కానర్ చెబితే, మూడు సెన్సార్ల బిల్లు రాయించే ముందు వైరింగ్ చూడాలి.

వేడి కొలిచే భాగం ఇంకా సాదా. లోహపు ఆక్సైడ్లతో చేసిన చిన్న గింజ, పేరు థర్మిస్టర్. మామూలు తీగ వేడెక్కితే కరెంటుకు అడ్డం పెరుగుతుంది, ఇందులో తగ్గుతుంది. ఈ తిరకాసు గుణాన్ని సిల్వర్ సల్ఫైడ్‌లో మొదట గమనించి 1833లో రాసినవాడు మైఖేల్ ఫారడే. బళ్లలో బాగా వాడే ఒక బాష్ రకానికి 20 డిగ్రీల దగ్గర 2.5 కిలోఓమ్‌లు ఉంటుంది, 80 దగ్గర 320 ఓమ్‌ల చిల్లర, 100 దగ్గర 186 ఓమ్‌లు. ఈ అంకెల్లోనే ఒక ప్రమాదం దాగుంది. కనెక్టర్ పిన్నులో 50 ఓమ్‌ల అదనపు అడ్డం చేరిందనుకోండి. 20 డిగ్రీల దగ్గర అది లెక్కలోకే రాదు. 80 డిగ్రీల దగ్గర మాత్రం గాలి అయిదు డిగ్రీలు చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది. చలికాలంలో బయటపడని లోపం, సరిగ్గా ఎండాకాలం లోడు మీద, తప్పు వైపుకే పొరబడుతుంది.

ఇప్పుడు ఎక్కువ లారీల్లో ఈ రెంటినీ ఒకే ముక్కలో కూర్చి, ఇంటర్‌కూలర్ దాటాక మానిఫోల్డ్ మీద ఒక స్క్రూతో బిగిస్తారు. నాలుగు పిన్నులు: ఎర్త్, వేడి, 5 వోల్టులు, ఒత్తిడి. బయటి గాలి ఒత్తిడి కొలిచేది చాలా బళ్లలో ఈసీయూ డబ్బా లోపలే ఉంటుంది. ములకలపల్లి చుట్టుపక్కల అది 98 నుంచి 100 కిలోపాస్కల్ మధ్య తిరుగుతుంది. అదే బండి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరితే 91కి పడిపోతుంది. కొండ మీద టర్బో అదే బూస్ట్ ఇవ్వాలంటే ఇంకా వేగంగా తిరగాలి, ఆ వేగానికి హద్దు పెట్టడానికి ఈసీయూకి ఈ అంకె కావాలి.

గాలిని నేరుగా కొలిచే పద్ధతీ ఉంది. ఎయిర్ క్లీనర్ తర్వాత వేడి చేసిన పలచటి పొరను గాలికి ఎదురుగా పెట్టి, అది చల్లబడే తీరును బట్టి గాలి బరువు చెప్పేది మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్. లెక్కల్లో ఇదే మేలనిపిస్తుంది. కానీ బూడిద లారీల వెనక, మట్టి రోడ్ల మీద నడిచే బండికి ఆ పొర మీద దుమ్ము చేరడం ఎంతసేపు? చేరితే గాలి తక్కువ వచ్చిందని చెబుతుంది. ఒత్తిడి సెన్సారు మూల కూర్చుని కొలుస్తుంది, గాలి ప్రవాహం దాని మీద నుంచి పోనక్కర్లేదు. ఈ ప్రాంతపు బళ్లకు స్పీడ్-డెన్సిటీ పద్ధతే మొండిదని నా లెక్క.

దానికీ ఒక గుడ్డితనం ఉంది. ఈజీఆర్ ద్వారా కొంత పొగను మళ్లీ లోపలికి పంపుతారు, మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గడానికి. మానిఫోల్డ్‌లో ఉన్నది తాజా గాలా, తిరిగొచ్చిన పొగా అన్నది ఒత్తిడి సెన్సారుకు తెలియదు, దానికి రెండూ ఒత్తిడే. అందుకే ఈజీఆర్ వాడే కొత్త ఇంజన్లలో ఇంకో కొలత తప్పదు. కొన్ని కంపెనీలు తాజా గాలిని వేరే సెన్సారుతో కొలిచి మొత్తంలోంచి తీసేస్తాయి, కొన్ని ఈజీఆర్ దారిలోనే ఒత్తిడి తేడా కొలుస్తాయి.

ఇక చెడిపోయే తీరు. అసలు విషయం ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

టర్బోకూ మానిఫోల్డ్‌కూ మధ్య హోసు చీలిందనుకోండి, లేదా క్లిప్పు వదులైందనుకోండి. లోడు మీద గాలి బయటికి పోతుంది. ఒత్తిడి రావలసినంత రాదు, సెన్సారు అదే చెబుతుంది, ఈసీయూ డీజిల్ తగ్గిస్తుంది, కోడ్ పడుతుంది. డ్రైవరుకు పికప్ పోయింది. పొగ కూడా రాదు, ఎందుకంటే లెక్క సరిగ్గానే జరిగింది. ఇక్కడ సెన్సారు మార్చడం వల్ల ఏమీ కాదు. పైగా ఆ తగ్గిన గాలిని పూడ్చడానికి టర్బో హద్దు మీరి తిరిగి, కొన్నాళ్లకు అదే పోతుంది. హోసు ఖర్చుతో పోయేది టర్బో ఖర్చయి కూర్చుంటుంది.

ఎయిర్ క్లీనర్ మూసుకుపోతే కథ వేరు. టర్బో ముందు ఒత్తిడి తగ్గుతుంది. టర్బో ఎక్కువ శ్రమపడి కావలసిన బూస్ట్ తెచ్చేస్తుంది కాబట్టి ఒత్తిడి అంకె మామూలుగానే కనిపిస్తుంది. కానీ గాలి ఇంకా వేడెక్కుతుంది. అంటే లోపం ఒత్తిడి సెన్సారులో కాదు, వేడి సెన్సారులో కనిపిస్తుంది. ఇంటర్‌కూలర్ ముఖం మీద బూడిద, గడ్డిగింజలు, పురుగులు పేరుకుపోయినా అంతే. లోడు మీద పోతున్నప్పుడు మానిఫోల్డ్ గాలి బయటి గాలి కంటే సాధారణంగా పాతిక, ముప్పై డిగ్రీలు ఎక్కువుంటుంది. అదే యాభైకి పోతే ముందు ఇంటర్‌కూలర్ కడగాలి. ఈ ఒక్క తీసివేత చేసే షెడ్డులు ఎన్నో లేవు. స్కానర్ కోడ్‌లు చదవడానికే తప్ప అంకెలు చదవడానికి కాదన్నట్టు వాడుతున్నాం.

మిల్లు గేటు ముందు లైనులో నిలబడ్డ బండికి ఎదురుగాలి ఉండదు, మానిఫోల్డ్ లోహం ఇంజన్ వేడికి కాలిపోతూ ఉంటుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేసిన కొద్దిసేపు వేడి సెన్సారు చెప్పేది గాలి వేడి కాదు, తన చుట్టూ ఉన్న లోహం వేడి. అప్పుడు బండి కాస్త మొద్దుగా కదిలితే కంగారు పడనక్కర్లేదు. పైగా ఒత్తిడి మార్పును సెన్సారు మిల్లీసెకన్లలో పట్టేస్తుంది, వేడి మార్పుకు సెకన్లు పడుతుంది. గేరు మార్చి ఒక్కసారిగా తొక్కినప్పుడు ఈ రెండూ ఒకే క్షణపు మాటలు చెప్పవు. ఈసీయూ రాసినవాళ్లు దీన్ని సర్దే లెక్కలు పెడతారు, కానీ అదీ అంచనాయే.

సెన్సారు నిజంగా తప్పు చెప్పేది ముఖ్యంగా మసి వల్ల. ఈజీఆర్ పొగలో మసి, క్రాంక్‌కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కలిసి తారులాంటి జిగట అవుతుంది. అది సెన్సారు రంధ్రాన్ని కొంచెం కొంచెంగా మూస్తుంది. పూర్తిగా మూసుకుంటే ఈసీయూ పట్టేస్తుంది. సగం మూసుకుంటేనే ఇబ్బంది. అంకె సరైనదే వస్తుంది, ఆలస్యంగా. వేడి గింజ మీద అదే జిగట దుప్పటిలా కప్పుతుంది, వేడి మార్పు దానికి ఇంకా నెమ్మదిగా తెలుస్తుంది. తీసి, కాంటాక్ట్ క్లీనర్ చల్లి, ఆరనిచ్చి పెడితే చాలాసార్లు బాగవుతుంది. తీగతో పొడవడం, కంప్రెషర్ గన్‌తో ఊదడం మాత్రం ఆ పలచటి పొరకు చివరి రోజే. రబ్బరు రింగు నలిగితే మార్చాలి, లేకుంటే అక్కడే గాలి కారుతుంది. బండి కడిగేటప్పుడు ప్రెషర్ నీళ్లు కనెక్టర్ మీద కొట్టకుండా చూసుకోవడం ఎవరికైనా చేతనైన పని.

వైరు తెగితే ఏమవుతుందో కూడా గుర్తుంచుకోదగ్గదే. వేడి వైరు తెగితే ఈసీయూ దగ్గర వోల్టేజీ దాదాపు 5కి ఎగబాకుతుంది, స్కానర్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంది. ములకలపల్లిలో మైనస్ 40! బాడీకి తగిలితే వోల్టేజీ సున్నాకు పడి, నమ్మలేనంత వేడి చూపిస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఈసీయూ ఆ అంకెను పక్కనపెట్టి తనకిచ్చిన బదులు విలువతో, కొంత బలం తగ్గించి నడుపుతుంది. లారీల కోడ్ భాషలో ఏ కొలతలో లోపమో చెప్పే అంకె ఎస్‌పీఎన్: బూస్ట్ ఒత్తిడికి 102, మానిఫోల్డ్ వేడికి 105, బయటి ఒత్తిడికి 108. వీటి పక్కన, లోపం ఎలాంటిదో చెప్పే ఎఫ్‌ఎంఐ 3 వస్తే వోల్టేజీ హద్దు పైన, 4 వస్తే హద్దు కింద. అంటే ముందు చూడవలసింది వైరింగ్. ఎఫ్‌ఎంఐ 2 వస్తే వోల్టేజీ బాగానే ఉంది, చెప్పేది నమ్మేలా లేదని అర్థం. అప్పుడు మసి, లీకు, చిలుం వైపు చూడాలి. కోడ్‌లో మొదటి అంకె చదివి రెండోది వదిలేస్తే సగం మాటే విన్నట్టు.

సెన్సారు మంచిదా కాదా అని తేల్చడానికి ఖరీదైన పనిముట్లేం అక్కర్లేదు. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో మానిఫోల్డ్ ఒత్తిడి, బయటి ఒత్తిడి పక్కపక్కన చూడాలి. ఇంజన్ తిరగనప్పుడు రెండూ ఒకే గాలి కాబట్టి దాదాపు ఒకే అంకె రావాలి. ఒకటి 99, ఇంకోటి 116 అంటే సెన్సారో దాని ఎర్తో తేడా చేసింది. అలాగే రాత్రంతా నిలబడ్డ బండికి తెల్లవారి తాళం తిప్పితే మానిఫోల్డ్ గాలి, కూలెంటు, బయటి గాలి మూడింటి వేడీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన సెన్సారును అనుమానించే ముందు లోడుతో ఒక గుట్ట ఎక్కించి అంకెలు చూడటం మంచిది.

ఇలా సరిచూడటానికి వ్యతిరేక దిశలో ఇంకో వైద్యం నడుస్తోంది. వేడి వైరుకు ఒక చిన్న రెసిస్టర్ తగిలించి గాలి ఎప్పుడూ 20 డిగ్రీలే ఉందని ఈసీయూని నమ్మించడం. గాలి నిజంగా 72 డిగ్రీలుంటే, ఉన్నదాని కంటే 18 శాతం ఎక్కువ గాలి ఉందని ఈసీయూ లెక్క కడుతుంది. లోడు మీద పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ మేరకు డీజిల్ పోస్తుంది. లాగినట్టే అనిపిస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, మసి పెరుగుతుంది, బీఎస్-6 బండిలో ఆ మసంతా ఎగ్జాస్ట్ దారిలోని మసి ఫిల్టరు డీపీఎఫ్‌లో చేరి కూర్చుంటుంది. పాత పంపు స్క్రూ తిప్పినదానికీ దీనికీ తేడా లేదు. కాకపోతే అప్పుడు పొగ రోడ్డు మీదికి పోయేది, ఇప్పుడు ఓనరు జేబులోంచి పోతుంది.

సెన్సార్లు రెండూ బాగున్నా అందని విషయం ఒకటి మిగిలే ఉంటుంది: తేమ. జూన్ చివర్లో గోదావరి పక్కన 35 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజు గాలి ఒత్తిడిలో నాలుగున్నర కిలోపాస్కల్ నీటి ఆవిరిదే. మంటకు అది పనికిరాదు. అయినా ఒత్తిడి సెన్సారు దాన్నీ గాలిగానే లెక్కిస్తుంది. అంటే ఎండుగాలి బరువును నాలుగైదు శాతం ఎక్కువ కడుతుంది. తేమ కొలిచే సెన్సార్లు కొన్ని ఇంజన్లకు ఉన్నాయి; లేనివాటిలో పొగ హద్దుకు ముందే కొంత జాగా వదిలి సర్దుకుంటారు. తొలకరి రోజుల్లో బండి బరువుగా ఉందని డ్రైవర్ అంటే దాన్ని ఊహ అని కొట్టేయకూడదు.

ఇక మిగిలిందల్లా, ఈ అంకెలు ఎవరి చేతికి అందుతున్నాయన్న ప్రశ్న. మామూలు స్కానర్లు ఉద్గారాల కోడ్‌లు చదువుతాయి. కంపెనీ సొంత అంకెలు, ఏ వేడి దగ్గర బలం తగ్గిస్తుందో చెప్పే హద్దులు, వైరింగ్ బొమ్మలు కంపెనీ సాఫ్ట్‌వేర్ లోపలే ఎక్కువగా ఉంటాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి. పోర్టల్ చట్టం కాదు కాబట్టి ఇవ్వకపోతే దాన్ని చూపి నిలదీయలేం. తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. అక్కడ నేర్చుకుని వచ్చే కుర్రాళ్లకు మల్టీమీటర్ పట్టుకోవడం వస్తుంది, కానీ ముందున్న బండి సెన్సారుకు ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని ఓమ్‌లు, ఎన్ని కిలోపాస్కల్‌కు ఎన్ని వోల్టులు అన్న పట్టిక లేకపోతే ఆ మీటరు చూపే అంకెను దేనితో పోల్చాలి? సెన్సారు విడిగా అమ్మే డబ్బాలో ఆ పట్టికను ఒక కాగితం మీద అచ్చువేసి పెట్టడానికి కంపెనీలకు ఏం అడ్డో నాకు అర్థం కాదు.